వెంచురీ సీడీ 1.06 వస్తోందా? ముందు ట్యాంకును అనుమానించండి

ప్రశ్న: అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈ ఏడాదే చేరాను. ఫ్లూయిడ్ మెకానిక్స్, హైడ్రాలిక్ మెషినరీ ల్యాబ్ నాకు అప్పగించారు. వెంచురీ మీటరుకు (మధ్యలో ఇరుకు గొంతు ఉన్న పైపు) సీడీ (కోఎఫిషియెంట్ ఆఫ్ డిశ్చార్జి, అంటే నిజంగా పారిన నీటిని థియరీ లెక్కతో భాగిస్తే వచ్చే అంకె) 1.06 వస్తోంది, ఆరిఫిస్ మీటరుకు (పైపులో రంధ్రమున్న పలక) 0.68. అదే లైన్లో ఉన్న రోటామీటర్ (ప్రవాహాన్ని నేరుగా చూపే గొట్టం మీటరు) తక్కువ చూపిస్తోంది. ట్యాంకు లెక్కలో నిమిషానికి 60 లీటర్లు వస్తే అది 55 అంటోంది. 1 హెచ్‌పీ సెంట్రిఫ్యూగల్ పంపు టెస్టులో ఎఫిషియెన్సీ 22 శాతం దాటడం లేదు. పిల్లలు మాత్రం రికార్డులో 0.98, 0.62, 45 శాతం అని రాసుకొస్తున్నారు. ఫ్లో మీటర్ల ట్యాంకు తుప్పు పట్టి కారుతుంటే రెండేళ్ల కిందట లోపల కొత్త రేకు కొట్టి ఫైబర్ కోటింగ్ వేయించారట. పంపు రిగ్గుకు కాలిపోయిన కరెంటు మీటరు తీసి కొత్తది పెట్టారట. ఇప్పుడు రోటామీటర్ పీకేసి డిజిటల్ ఫ్లో మీటర్ కొందామంటున్నారు మా వాళ్లు. వచ్చే నెలలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అమ్మా, రోటామీటర్ పీకనివ్వకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ల్యాబులో ప్రస్తుతానికి నిజం చెబుతున్నది అదొక్కటే.

ఎలాగంటే చూడండి. వెంచురీకి 0.97, 0.98 రావాల్సిన చోట 1.06 వచ్చింది. ఆరిఫిస్‌కు 0.62 దగ్గర రావాల్సింది 0.68 వచ్చింది. రోటామీటర్ 55 అంటే ట్యాంకు 60 అంటోంది. మూడింటినీ భాగించి చూడండి. మూడు చోట్లా తేడా దాదాపు ఒకటే, 8 నుంచి 10 శాతం. వెంచురీ గొంతు అరిగిపోయి ఉంటే ఆరిఫిస్ సీడీ ఎందుకు పెరుగుతుంది? ఆరిఫిస్ ప్లేటు తిరగేసి బిగించి ఉంటే వెంచురీకి ఏమవుతుంది? మానోమీటర్లో (ఒత్తిడి తేడా చూపే పాదరసం గొట్టం) గాలి చేరి ఉంటే రోటామీటర్‌కు ఏం సంబంధం? మూడు మీటర్లూ ఒకే మోతాదులో తప్పడం జరగని పని. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో వెతకాలి. అది మీ కలెక్టింగ్ ట్యాంకు, మీటర్లు దాటి వచ్చిన నీళ్లు పట్టి కొలిచేది. మీరు ప్రశ్నలో మాటవరసకు రాసిన ఆ కొత్త రేకు, ఫైబర్ కోటింగ్ సంగతి చదవగానే నాకు నవ్వొచ్చింది. ఇదే కథ నేనూ పడ్డాను.

నేను కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ల్యాబుల్లోనే తడిసినవాణ్ని. ఒక కాలేజీలో (పేరు వద్దు) నేను చేరేనాటికే ట్యాంకుకు లోపల రిపేరు జరిగింది. మాన్యువల్లో మాత్రం 50 సెంటీమీటర్లు, 50 సెంటీమీటర్లు అని పాత కొలతే అచ్చయి ఉండేది. ఏటా పిల్లలకు సీడీ ఒకటి దాటేది, ఏటా వాళ్లు సీనియర్ రికార్డు చూసి 0.98 వచ్చేట్టు రీడింగులు వండేవాళ్లు. మేమూ సంతకాలు పెట్టేవాళ్లం. ఒకసారి ఒక అమ్మాయి దిద్దకుండా 1.05 అనే రాసి తెచ్చింది. ఆ అమ్మాయికి నేనే రెండు మార్కులు తగ్గించాను. తర్వాత టేపు పెట్టి ట్యాంకు లోపల కొలిస్తే 48 సెంటీమీటర్లు తేలింది. ఆ మార్కుల సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క చూద్దాం. మీ రిగ్గు మామూలు 25 మిల్లీమీటర్ల పైపు, 15 మిల్లీమీటర్ల గొంతు ఉన్న వెంచురీ అనుకుంటున్నాను. పాదరసం తేడా 10 సెంటీమీటర్లు ఉందనుకోండి. దాన్ని 12.6తో (పాదరసం సాంద్రత 13.6 లోంచి నీటి 1 తీసేస్తే వచ్చేది) గుణిస్తే 1.26 మీటర్ల నీటి హెడ్, అంటే ఒత్తిడిని నీటి ఎత్తుగా చెప్పడం. దాన్నుంచి వచ్చే థియరీ డిశ్చార్జి సెకనుకు 0.942 లీటరు. ట్యాంకులో నీళ్లు 10 సెంటీమీటర్లు పెరగడానికి 25 సెకన్లు పట్టిందనుకోండి. మాన్యువల్ కొలత ప్రకారం 25 లీటర్లు, అంటే సెకనుకు సరిగ్గా 1 లీటరు. సీడీ 1.06. అదే ట్యాంకు లోపలి కొలత 48 అయితే వైశాల్యం 0.25 కాదు, 0.2304 చదరపు మీటర్లు. పట్టిన నీళ్లు 23.04 లీటర్లు. సెకనుకు 0.92 లీటరు, నిమిషానికి 55. సీడీ 0.978. ఆరిఫిస్ 0.68 కాస్తా 0.627 అవుతుంది. రోటామీటర్ 55 అంటోంది కదా, పాపం మొదటి నుంచీ అదే చెబుతోంది.

కానీ 48 అన్నది నా ఊహ. నా మాట మీద మాన్యువల్ దిద్దితే, పాత తప్పు తీసి కొత్త తప్పు పెట్టినట్టు. కొలవండి. టేపుతో కూడా కాదు, ఎందుకంటే ఫైబర్ వేసిన గోడలు సమంగా ఉండవు, మధ్యలో ఉబ్బుతాయి, మూలలు గుండ్రంగా ఉంటాయి, లోపల అలలు ఆపే అడ్డుపలక ఉంటే అదీ చోటు తింటుంది. నీళ్లు తూచి పోయండి. హాస్టల్ వంటగదిలో బియ్యం తూచే కాటా ఉంటుంది, అది ఒక పూట అడిగి తెచ్చుకోండి. 20 లీటర్ల వాటర్ క్యాను చాలు. ఖాళీ క్యాను బరువు తీసేసి, ఒక్కోసారి సరిగ్గా 20 కిలోల నీళ్లు ట్యాంకులో పోయడం, గాజు గొట్టంలో మట్టం రాసుకోవడం, అంతే. పాత కొలత నిజమైతే ఒక్కో క్యానుకు 8 సెంటీమీటర్లు పెరగాలి. 48 అయితే 8.7 దాకా పెరుగుతుంది. ఐదు క్యాన్లకు 40 బదులు 43.4 వస్తుంది, తేడా కంటికే కనిపిస్తుంది. ఒక్కో క్యానుకు పెరుగుదల సమంగా ఉందా లేదా కూడా చూడండి. కింద ఒకలా, పైన ఒకలా ఉంటే ట్యాంకు పక్కలు ఉబ్బాయన్నమాట. అప్పుడు ఒకే వైశాల్యం వాడకుండా మట్టానికి ఎన్ని లీటర్లో పట్టిక రాసి ట్యాంకు మీదే అంటించండి.

అటెండరు, నలుగురు పిల్లలు ఉంటే గంటన్నర పని. నీళ్లు తూచడమేంటి, ఇంజనీరింగ్ కాలేజీలో పాలవాడి పని అని ఎవరైనా అంటే, పాలక్కాడ్‌లో ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, పరిశ్రమలకు ఫ్లో మీటర్లు కాలిబ్రేట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చే చోటు, అక్కడ కూడా నీళ్లను తూచే పద్ధతే వాడతారని చెప్పండి. వాళ్ల కాటా పెద్దది, అంతే తేడా.

తూచేటప్పుడే ఇంకో రెండు విషయాలు తేల్చేసుకోండి. ట్యాంకు నిండాక డ్రెయిన్ వాల్వు మూసి పది నిమిషాలు మట్టం చూడండి. రెండు మిల్లీమీటర్లు దిగితే పట్టించుకోనక్కర్లేదు. నిమిషానికి సెంటీమీటరు దిగుతోందంటే నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు పోతున్నట్టు. 55 లీటర్ల ప్రవాహం మీద అది 4 శాతం. వాల్వు సీటు కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది చాలాసార్లు. రెండోది, గాజు గొట్టం అడుగున ఉన్న సన్నటి రంధ్రం. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, వేడినీళ్ల గీజరునే ఏడాదిలో సున్నంతో నింపుతాయి. ఆ రంధ్రం సగం పూడిపోతే గొట్టంలో మట్టం ట్యాంకు మట్టం కన్నా వెనకబడి పెరుగుతుంది. అందుకే స్టాప్‌వాచ్ సున్నా దగ్గర నొక్కనివ్వకండి. నీళ్లు పెరుగుతూ ఉండగా 5 దగ్గర నొక్కి 15 దగ్గర ఆపమనండి. ఆలస్యం రెండు చివర్లా ఒకేలా ఉంటుంది కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది.

అదే సున్నం వెంచురీ గొంతులోనూ పడుతుంది. 15 మిల్లీమీటర్ల గొంతుకు చుట్టూ పావు మిల్లీమీటరు పొర పట్టిందంటే వ్యాసం 14.5 అవుతుంది, వైశాల్యం 6.6 శాతం తగ్గుతుంది, సీడీ 0.97 బదులు 0.90 దగ్గర కనిపిస్తుంది. ట్యాంకు దిద్దాక మీ సీడీ తక్కువ వస్తే అప్పుడు ఇది చూడండి. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్దితే పోతుంది. తీగ బ్రష్షు, గరుకు కాగితం మాత్రం గొంతు దగ్గరికి రానివ్వకండి.

ఆరిఫిస్ ప్లేటు విప్పితే ఏ ముఖం ఎటుందో గుర్తు పెట్టుకుని విప్పండి. పదునైన అంచు నీళ్లు వచ్చే వైపు, ఏటవాలుగా చెక్కిన వైపు నీళ్లు పోయే దిక్కుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే సీడీ బాగా పెరుగుతుంది. మీ కేసులో అది కాదని ఎందుకన్నానంటే, తిరగేసి ఉంటే వెంచురీతో సమానంగా 9 శాతమే పెరిగి ఊరుకోదు.

మానోమీటర్ గురించి రెండు ముక్కలు. 12.6కు బదులు 13.6 వేసే పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. వాళ్ల సీడీ 0.97కు బదులు 0.934 వస్తుంది. ఆ అంకె కనిపించగానే లెక్క చూడకుండానే తప్పు ఎక్కడుందో చెప్పొచ్చు, పిల్లలు మనకేదో మంత్రం వచ్చనుకుంటారు. ఇక రెండోది: వెంచురీ అయినా ఆరిఫిస్ అయినా డిశ్చార్జి హెడ్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది, అందువల్ల తక్కువ ప్రవాహం దగ్గర తీసిన రీడింగులకు విలువ తక్కువ. పాదరసం తేడా 10 సెంటీమీటర్లు ఉన్నప్పుడు రెండు కాళ్లలో కలిపి 2 మిల్లీమీటర్లు తప్పు చదివితే డిశ్చార్జిలో 1 శాతం తేడా వస్తుంది. అదే తేడా 2 సెంటీమీటర్లే ఉంటే ఆ 2 మిల్లీమీటర్లు 5 శాతం తేడా తెస్తాయి. పిల్లల గ్రాఫులో కింది చుక్కలు చెదిరిపోయి పైవి బుద్ధిగా కూర్చోవడానికి కారణం ఇదే. డిశ్చార్జికీ హెడ్‌కూ లాగ్ గ్రాఫు గీయించండి. వాలు 0.5 వస్తే మీటరు సరిగ్గా ఉన్నట్టు. వాలు 0.5 వచ్చి సీడీ ఒక్కటే అన్ని చుక్కల దగ్గరా సమానంగా ఎక్కువో తక్కువో ఉందంటే తప్పు ఏదో ఒక స్థిరాంకంలో ఉందని అర్థం, మీ ట్యాంకు వైశాల్యం లాంటిది. వాలే తప్పితే గాలి బుడగ, కారే కాక్ (మానోమీటర్ కుళాయి), లేదా జీరో తప్పు. నా మటుకు నాకు సీడీ సగటు కన్నా ఈ వాలు ముఖ్యం.

గాలి తీసేటప్పుడు రెండు కాక్‌లూ ఒకేసారి, మెల్లగా తెరవాలి. ఒక్కటే తెరిచారో పాదరసం మొత్తం ఎగిరి పైపులోకి, అక్కడి నుంచి సంపులోకి పోతుంది. కింద పడితే చీపురుతో ఊడ్చనివ్వకండి, బుడగలు ఇంకా చిన్నవై మూలమూలకూ పోతాయి. కాగితంతో కూడగట్టి, డ్రాపర్‌తో పీల్చి, మూత గట్టిగా ఉన్న సీసాలో నీళ్ల కింద ఉంచాలి. కిటికీలన్నీ తెరవాలి. కొత్తది కొందామంటున్నారు కదా, డిజిటల్ ఫ్లో మీటర్ కన్నా ముందు పాదరసం తీసేసి డిఫరెన్షియల్ ప్రెజర్ ట్రాన్స్‌మిటర్ (ఒత్తిడి తేడాను అంకెల్లో చూపేది) పెట్టించమనండి.

ఇప్పుడు పంపు. ఇక్కడ ట్యాంకు వేరేదైతే దాన్నీ తూచండి, కానీ అసలు దొంగ అక్కడ లేడు.

మీ మాన్యువల్లో కరెంటు మీటరు స్థిరాంకం ఎంతని రాసుందో చూడండి. పాత డిస్కు మీటర్లకు యూనిట్‌కు ఇన్ని చుట్లు అని ఉంటుంది. నేను చూసిన చాలా రిగ్గుల్లో 750 ఉండేది. కొత్త డిజిటల్ మీటరు ముఖం మీద యూనిట్‌కు ఇన్ని ఇంపల్స్‌లు అని ఉంటుంది, 1600 అనో 3200 అనో. మీటరు మార్చినవాడు ఫార్ములా మార్చడు. మీ రిగ్గుకు అదే జరిగిందని నా అనుమానం.

ఒక లెక్క చేస్తాను. ఎర్ర లైటు 10 సార్లు వెలగడానికి 24 సెకన్లు పట్టిందనుకోండి. 750 వేస్తే ఇన్‌పుట్ 2000 వాట్లు. ఇక్కడే పెన్ను ఆపాలి. 1 హెచ్‌పీ మోటారు అంటే 746 వాట్ల పని చేసేది. అది 2000 వాట్లు తాగుతోందంటే పది నిమిషాల్లో వైండింగు వాసన రావాలి. రావడం లేదు, అంటే అంకె అబద్ధం. 1600 వేసి చూడండి: 937 వాట్లు. మోటారు ఎఫిషియెన్సీ 75 శాతం అనుకుంటే షాఫ్టుకు చేరేది 703 వాట్లు. ఇది నేమ్‌ప్లేటుకు సరిపోయే అంకె.

అవుట్‌పుట్ వైపు: డెలివరీ గేజి చదరపు సెంటీమీటరుకు 1 కిలో, అంటే 10 మీటర్లు. సక్షన్ వాక్యూమ్ 200 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 2.72 మీటర్లు. గేజిల మధ్య ఎత్తు అర మీటరు. మొత్తం 13.22 మీటర్లు. డిశ్చార్జి సెకనుకు 2.5 లీటర్లయితే నీటికి అందిన పవరు 324 వాట్లు. 2000 వాట్ల లెక్కలో మోటారు 75 శాతం తీసేస్తే పంపు ఎఫిషియెన్సీ 21.6, మీరు చెప్పిన 22. సరైన స్థిరాంకంతో 46. అంటే పిల్లలు వండి తెచ్చిన 45 నిజానికి దగ్గరే, అది వేరే సంగతి. కానీ వాళ్లకు అది నిజమని తెలియదు, మనకూ తెలియదు.

ఇంతటితో ఆగకండి. చిన్న పంపుల్లో అందరూ వదిలేసేది ఒకటుంది, వెలాసిటీ హెడ్, అంటే నీటి వేగాన్ని ఎత్తుగా లెక్కించడం. డెలివరీ గేజి 25 మిల్లీమీటర్ల పైపు మీద, సక్షన్ గేజి 40 మిల్లీమీటర్ల పైపు మీద ఉందనుకోండి. 2.5 లీటర్లకు డెలివరీలో వేగం సెకనుకు 5.1 మీటర్లు, సక్షన్‌లో 2 మీటర్లు. ఆ రెంటి వెలాసిటీ హెడ్ల తేడా 1.1 మీటరు. 13 మీటర్ల మీద 1.1 అంటే 8 శాతం, చిన్నది కాదు. కలిపితే ఎఫిషియెన్సీ 46 నుంచి 50కి చేరుతుంది. రెండు పైపులూ ఒకే సైజైతే ఈ గొడవే లేదు, అందుకే ఏదో ఒక రిగ్గుకు రాసిన మాన్యువల్లో అది ఉండదు, దాన్నే ఇంకో రిగ్గుకు జిరాక్స్ తీసి ఇస్తారు.

పంపు ఆపి ఉన్నప్పుడు రెండు గేజిల ముల్లూ సున్నా మీద ఉందా అని వేలితో తట్టి చూడండి. మా ల్యాబులో ఒక గేజి పంపు లేకపోయినా 0.2 చూపించేది, పిల్లలు దాన్నీ ప్రేమగా కలిపేవాళ్లు. అది 2 మీటర్ల హెడ్!

పంపు ఎఫిషియెన్సీ గ్రాఫు గుట్టలా రావాల్సింది గీతలా వస్తోందని మీరు రాయలేదు కానీ, వస్తూనే ఉంటుంది. కారణం గేట్ వాల్వు. పిల్లలు వాల్వును ఒక్కో చుట్టు తెరుస్తూ రీడింగులు తీస్తారు. గేట్ వాల్వు మొదటి చుట్టు, రెండో చుట్టులోనే చేయాల్సిందంతా చేసేస్తుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ప్రవాహం పెద్దగా మారదు. దాంతో చుక్కలన్నీ ఒక మూల గుంపుగా పడతాయి. చుట్లు లెక్క పెట్టొద్దు, డెలివరీ గేజి చూసి తిప్పమనండి. పూర్తిగా మూసినప్పటి ప్రెజర్ నుంచి పూర్తిగా తెరిచినప్పటి ప్రెజర్ దాకా ఎనిమిది భాగాలు చేసుకుని ఒక్కో మెట్టు దగ్గర ఆపాలి. ప్రతి మార్పు తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఆగనివ్వాలి. మూసిన స్థితిలో మాత్రం అర నిమిషానికి మించి ఉంచకండి, లోపలి నీళ్లు వేడెక్కుతాయి.

ఆ మూసిన రీడింగు దగ్గరే మంచి పాఠం ఉంది. వాల్వు కట్టేస్తే మోటారు మీద లోడు పెరుగుతుందా తగ్గుతుందా అని ముందే అడగండి. ఇంట్లో బోరు మోటారు చూసిన పిల్లలు కూడా క్లాసులో మూడొంతుల మంది పెరుగుతుందనే అంటారు. కట్టేసి ఇంపల్స్‌లు లెక్కపెట్టించండి. 24 సెకన్లు పట్టినది ఎక్కువ సేపు పడుతుంది, అంటే లోడు తగ్గింది. నీళ్లు కదలకపోతే వాటికి ఇచ్చే పని లేదు. అందుకే సెంట్రిఫ్యూగల్ పంపును డెలివరీ మూసి స్టార్ట్ చేస్తాం. పక్కనే ఉన్న రెసిప్రొకేటింగ్ (పిస్టన్) పంపును అలా స్టార్ట్ చేస్తే గేజో, పైపో, బెల్టో ఏదో ఒకటి పోతుంది. ఆ రిగ్గు మీద ఎర్ర పెయింటుతో రాయించండి.

వోల్టేజీ సంగతి కూడా చూడాలి. మధ్యాహ్నం ఏసీలన్నీ నడిచేటప్పుడు సింగిల్ ఫేజు మోటారు స్పీడు పడిపోతుంది. 2880 తిరగాల్సింది 2780 తిరిగితే స్పీడు తగ్గింది మూడున్నర శాతమే, హెడ్ మాత్రం దాదాపు 7 శాతం, పవరు 10 శాతం పోతాయి. ఉదయం బ్యాచి, మధ్యాహ్నం బ్యాచి గ్రాఫులు కలవకపోతే పిల్లల్ని తిట్టే ముందు స్పీడు కొలిచే టాకోమీటర్ పెట్టండి. ప్రతి రీడింగుకూ స్పీడు రాయించి రేటెడ్ స్పీడుకు మార్చాలి: డిశ్చార్జికి నిష్పత్తి, హెడ్‌కు వర్గం, పవరుకు ఘనం. పంపుల టెస్టుకు ఐఎస్ఓ 9906 ప్రమాణం కూడా ఈ మార్పిడే చేయమంటుంది.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. అనంతపురం సముద్ర మట్టానికి 350 మీటర్ల దరిదాపుల్లో ఉంది, గాలి ఒత్తిడి 10.3 మీటర్ల నీటికి బదులు 9.9 మీటర్లే. రేకుల షెడ్డులో, సంపులో తిరిగిన నీళ్లే తిరుగుతూ 40 డిగ్రీలకు చేరితే ఆవిరి ఒత్తిడికే ముప్పావు మీటరు పోతుంది. దానికి తోడు సక్షన్ పైపు అడుగున ఉన్న ఫుట్ వాల్వు జల్లెడకు నాచు పట్టి ఉంటే పంపులో గులకరాళ్లు పోసినట్టు శబ్దం వస్తుంది, వాక్యూమ్ ముల్లు ఊగుతుంది. అదే కావిటేషన్, ఒత్తిడి పడిపోయి నీళ్లు ఆవిరి బుడగలై పగలడం. దాన్ని కావాలని చూపించడానికైతే సక్షన్ వాల్వు కొంచెం మూసి ఓ పది సెకన్లు వినిపించండి. మామూలు టెస్టులో వినపడితే మాత్రం ఆపేసి జల్లెడ కడగండి. గ్లాండు (షాఫ్టు బయటికొచ్చే చోట నీళ్లు ఆపే బిగింపు) పూర్తిగా పొడిగా ఉన్నా మంచిది కాదు, అక్కణ్నుంచి గాలి పీలుస్తుంది. చుక్క చుక్క కారాలి.

డిజిటల్ మీటరు కొనొద్దని కాదు. ఎలక్ట్రోమాగ్నెటిక్ మీటరు మంచిదే, లోపల అడ్డమేమీ ఉండదు, మన ఉప్పునీళ్లకు విద్యుత్ వాహకత బాగానే ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. వంపు దాటాక పైపు వ్యాసానికి కనీసం ఐదింతల పొడవు నేరుగా ఉన్న చోట, ఎప్పుడూ నిండుగా పారే చోట బిగించాలి. కానీ కొన్నాక దాన్ని దేంతో సరిచూస్తారు? మళ్లీ ఆ ట్యాంకుతోనే. ట్యాంకు తూచకుండా అది కొంటే, అది 55 అంటుంది, ట్యాంకు 60 అంటుంది, అప్పుడు కొత్త మీటరు కంపెనీతో పోట్లాట మొదలవుతుంది. కొన్నాక కూడా డిస్‌ప్లేకు కాగితం అంటించి, పిల్లలు ట్యాంకు లెక్క చెప్పాకే చింపండి. మాల్యాల దగ్గర శ్రీశైలం వెనక జలాలను ఎత్తిపోసే హంద్రీ-నీవా పంపుల దగ్గరికి ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లాం. అంత నీటికి ఏ ట్యాంకూ పెట్టలేం కదా, మీటరు చూపిందే నమ్మాలి అని ఒక కుర్రాడు అన్నాడు. మరి ఆ మీటరును ఎవరు సరిచూశారు అని వాణ్నే అడిగాను. తిరిగి వచ్చేదాకా బస్సులో అదే చర్చ.

వీలుంటే వీ-నాచ్ (వీ ఆకారపు గాటు ఉన్న పలక మీదుగా పారే నీళ్లను కొలవడం) ప్రయోగానికి ఈ ఏడాది ఒక చిన్న మార్పు చేయండి. మా వైపు బోరు వేస్తే ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయని అడుగుతారు కదా. 90 డిగ్రీల నాచ్ పలక మీద 1 ఇంచు మట్టం అంటే సెకనుకు 0.15 లీటరు. 2 ఇంచులంటే రెండింతలు అనుకుంటారు, కానీ 0.82 లీటరు, ఐదున్నర రెట్లు పైనే. డిశ్చార్జి హెడ్‌కు రెండున్నర ఘాతంలో పెరుగుతుందని ఫార్ములాగా చెబితే నిద్రపోయే పిల్లలు, వాళ్ల నాన్న బోరు లెక్క అనగానే లేచి కూర్చుంటారు. మట్టంలో 1 శాతం తప్పితే నీళ్లలో 2.5 శాతం తప్పుతుందని కూడా అక్కడే చెప్పేయొచ్చు.

ఎక్స్‌టర్నల్ గురించి భయపడకండి. పాత రికార్డులు దిద్దించొద్దు. ఈ వారం ట్యాంకులు తూచి, మీటరు ముఖం మీది ఇంపల్స్‌ల అంకె చూసి, కొత్త స్థిరాంకాలు తేదీ వేసి, సంతకం పెట్టి ఒక కాగితం మీద రాసి ప్రతి రిగ్గు మీదా అంటించండి. పాత అంకె, కొత్త అంకె, ఎలా తేలిందో రెండు లైన్లలో. నేను ఎక్స్‌టర్నల్‌గా ఎన్నో కాలేజీలకు వెళ్లాను. అలాంటి కాగితం కనిపించిన ల్యాబులో నేను పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న దాని గురించే. తూచినప్పుడు నీళ్లు మోసిన పిల్లలు తడుముకోకుండా చెబుతారు.

ట్యాంకు తూచాక క్యానుకు ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో, పంపు రిగ్గు సక్షన్, డెలివరీ పైపుల సైజులు ఎంతో, గేజిల గొట్టాలు ఎక్కడ తగిలించారో రాయండి. వాక్యూమ్ గేజి గొట్టంలో నీళ్లు నిలబడ్డాయా, గాలి ఉందా అనేదాన్ని బట్టి ఆ అర మీటరు ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో మారుతుంది. అది మీ అంకెలు చూశాక చెబుతాను.